ఆరో లెవల్ గంట

నమోదు 212

ఆరో లెవల్ గంట మళ్ళీ మోగింది. ఈ వాక్యం రాసీ రాసీ నా వేళ్ళకే విసుగు పుట్టింది. మూటల గదిలో పనిచేసేవాళ్ళు జరిగింది జరిగినట్టు నమోదు చేయాలని మా గని ఊరు నల్లగడప కమిటీ కట్టడి పెట్టింది కాబట్టి రాస్తున్నాను.

పొద్దున్నే పైకెక్కి, గనిలోకి గాలి తోసే ఫ్యాన్‌హౌస్ జాలీ మీది దుమ్ము దులిపి వచ్చాను. ఎండ ముదరకముందే గనిలోకి దిగిపోవాలి, లేకపోతే చెప్పులు రేకుకు అతుక్కుంటాయి. మా తాతల కాలంలో ఈ గనిలోంచి బొగ్గు తీసేవారట. అప్పట్లో మనుషులు పైన కాపురముండి పనికోసం కిందికి దిగేవారు. మేము కింద కాపురముండి పనికోసం పైకి ఎక్కుతున్నాం. అంతే తేడా.

దిగి వచ్చేసరికి ఓదెలన్న కుర్చీలోనే కునుకు తీస్తున్నాడు. మూటల గదిలో ఉన్నది మేమిద్దరమే. ప్రతి లెవల్‌లో గోడలకు గాలిపలకలు బిగించి ఉంటాయి. అవి చెప్పిన లెక్క చూసుకుని ఆ లెవల్ గాలిమిషను గాలి మంచిదో కాదో తేలుస్తుంది, చెడితే గంట కొడుతుంది. ఆ మిషన్లకు కావలసిన సాఫ్ట్‌వేర్‌ను మూట కట్టి పంపడం మా పని.

"అన్నా, లే. తెల్లారి శానసేపాయె" అన్నాను.

"లేసే ఉన్ననే. కండ్లు మూసుకొని సోంచాయిస్తున్న" అన్నాడు, ఆవలిస్తూనే.

ఓదెలన్నది ఏడో లెవల్, అన్నిటికన్నా అడుగున ఉండేది. ఏడో లెవల్ వాళ్ళకు నిద్రెక్కువ. ఇది నేను కల్పించిన మాట కాదు, ఊరంతా అనేదే. ఎవరైనా పనికి ఆలస్యంగా వస్తే "ఏడో లెవల్ గడియారం పెట్టుకున్నవా?" అని అడుగుతాం. అక్కడి ముసలివాళ్ళు నిద్రలోనే హాయిగా పోతారు కాబట్టి, వయసు మళ్ళినవాళ్ళు దండం పెట్టుకుని "ఏడో లెవల్ సావు రావాలె దేవుడా" అంటారు.

గోడఫోన్ మోగింది. మా చెల్లె రజిత. ఆరో లెవల్‌లో గదులు విశాలంగా ఉంటాయని, కాన్పుకు ముందే అక్కడికి మారింది. పిల్లకింకా పేరు కూడా పెట్టలేదు.

"అక్కా, నీ కాల్మొక్కుత, గా గంట బందు జెయ్యవే. పిల్ల గిప్పుడే కన్ను మూసింది, మల్ల లేపింది. ఎత్తుకొని తిప్పితిప్పి నా నడుం ఇరిగింది. గిట్లయితే నేను పిచ్చిదాన్నయిత."

వెనక పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. ఈ వారంలోనే ఆ గంట అంతు చూస్తానని మాటిచ్చాను. నేను మాటిస్తే మొండిదాన్ని, అది రజితకు తెలుసు.

నమోదు 213

కమిటీ పెద్ద కొమురయ్య మామ వచ్చాడు. కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

"ఏందమ్మా స్వరూపా, ఆరో లెవల్ జనం నన్ను ముక్కలు ముక్కలు జేస్తున్రు. చెడుగాలి బరువు గదా? నీళ్ళలెక్క కిందికి దిగుతది గదా? మరి దిగితే ముందు ఏడో లెవల్ల మోగాలె. గది మోగదు, మీదిది మోగుతది. గిదేం లెక్క?"

లెక్క సరైనదే. ఐదు మోగదు, ఏడు మోగదు, మధ్యలో ఉన్న ఆరు మాత్రం మోగుతుంది. మేడ మీద వానపడి, మొదటి అంతస్తులో కురిసి, నేల అంతస్తు పొడిగా ఉన్నట్టుంది వ్యవహారం. ఆరో లెవల్ మిషను అబద్ధం చెబుతోందని ముగ్గురం ఒప్పుకున్నాం.

నిజానికి పోయిన ఎండాకాలం అన్ని లెవల్స్‌లోనూ గంటలు ఇలాగే చంపుకుతిన్నాయి. మాటిమాటికీ గంట మోగడం, పని ఆపి జనం మెట్లెక్కడం, పైన మాడిపోయి మళ్ళీ దిగడం. గంటలు తగ్గించండి మహాప్రభో అని కమిటీ మొరపెట్టుకుంటే, నేనూ ఓదెలన్నా కూర్చుని తొమ్మిదో మూట కట్టాం. మూటలో గంట ఎప్పుడు కొట్టాలో తేల్చే ముక్కను లైబ్రరీ అంటాం. పాత లైబ్రరీ ఏ ఒక్క పలక చెడు చెప్పినా గంట కొట్టేది. కొత్త లైబ్రరీ అన్ని పలకల సగటు తీసి, ఆ సగటు చెడితేనే కొడుతుంది. దాంతో గంటలన్నీ నోరు మూసుకున్నాయి, ఆరో లెవల్‌ది తప్ప.

ఆరో లెవల్ మిషన్‌ను నీ దగ్గర ఏ మూట ఉందని అడిగాను. తొమ్మిది అంది. మళ్ళీ అడిగాను. మళ్ళీ తొమ్మిదే అంది. తొమ్మిదో మూట ఉన్న మిషను ఇలా మోగడానికి వీల్లేదు. ఓదెలన్నను లేపి చూపించాను. ఆయనా నోరు తెరిచాడు, ఈసారి ఆవలింతకు కాదు.

నమోదు 214

దొరికింది! దొంగ దొరికాడు!

అన్ని లెవల్స్‌లో మిషన్లను నడిపేది ఒకే లినక్స్ అయినా, మిషన్ల రకాలు వేరు. ఆరో లెవల్ మిషను తీరంలో విప్పిన ఓడలోంచి ఊడదీసి తెచ్చింది, మిగతావాటి జాతి కాదు. మామూలు మిషన్లలో లైబ్రరీలు పెట్టుకునే అర ఒక్కటే, దాని పేరు లిబ్64. ఓడ మిషన్‌కు రెండు అరలున్నాయి, లిబ్ ఒకటి, లిబ్64 ఒకటి. అది ముందు లిబ్‌లో వెతుకుతుంది. అక్కడ దొరక్కపోతేనే లిబ్64 గడప తొక్కుతుంది.

మా మూట అన్నిచోట్లా విప్పుకున్నట్టే అక్కడా లిబ్64లో విప్పుకుంది. ఎప్పుడో ఓడ మిషన్‌ను తెచ్చిన కొత్తలో పెట్టిన పాత లైబ్రరీ మాత్రం లిబ్‌లో కాలు మీద కాలేసుకుని కూర్చుంది. మిషను రోజూ లిబ్‌లోకి తొంగిచూడటం, పాతది కనబడటం, దాన్నే వాడటం. మరి తొమ్మిది అని ఎందుకు చెప్పిందంటే, అడిగినప్పుడు అది చదివింది మూట మీది నంబరు. వాడుతున్నది ఏమిటో చూసి చెప్పలేదు. పైన పటారం, లోన లొటారం.

మిగతా మిషన్లలో ఒకటే అర కాబట్టి, కొత్తది వచ్చి పాతదాని మీదే కూర్చుంది, పాతది మాయమైంది. ఆరులో మాత్రం పాతది మిగిలిపోవడానికి మా అలవాటే కారణం. నల్లగడపలో గది మారేవాళ్ళు పాత గదిలో ఒక పీట వదిలి వస్తారు. కొత్తగా దిగేవాళ్ళు ముందున్నవాళ్ళ పీటను తీసి పారేయరు, మూలకు జరిపి ఉంచుకుంటారు. మూటలు కట్టే మేమూ అంతే. పాతదాన్ని వెతికి చెరపమని ఏ మూటకూ చెప్పం. అది మా మర్యాద.

"ఊరందరిది ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటే గిదేనే" అన్నాడు ఓదెలన్న.

"లిబ్‌ల ఉన్నదాన్ని చెరిపేస్తే పీడ పోతది గదన్నా."

"చెరపకు. దారి మార్చు సాలు. ముందు లిబ్64 సూడమని జెప్పు. పీట పీటలెక్కనే ఉండనీ."

ఒక్క వరుస మార్చాను. మిషన్‌ను ఆపి మళ్ళీ లేపాను. ఆరో లెవల్ గంట నోరు మూసింది. ఇద్దరం చప్పట్లు కొట్టుకున్నాం. ఇంత చిన్న సంగతికి ఇన్నాళ్ళు కొట్టుకున్నామా అని నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. ఎక్కువ మాత్రం గర్వమే.

రజిత ఫోన్‌లో ఏడ్చేసింది. "నువ్ సల్లగుండాలె అక్కా" అని ఒకటే మాట.

నమోదు 215

కొమురయ్య మామ మూటల గదికి సకినాలు పంపించాడు. ఆరో లెవల్ వాళ్ళు మెట్ల దగ్గర కనబడి చేతులెత్తి దండం పెడుతున్నారు. నాకు కొంచెం తలెక్కిన మాట నిజమే.

మధ్యాహ్నం ఓదెలన్న సకినం కొరుకుతూ వాళ్ళ అవ్వను తలుచుకున్నాడు. ఆమె ఈ చలికాలంలోనే పోయింది. పండుకున్నది పండుకున్నట్టే పోయింది. ముఖంలో నొప్పి ఛాయ కూడా లేదని, అంత మంచి చావు ఎవరికి వస్తుందని, అన్ని లెవల్స్ నుంచీ జనం వచ్చి దండలు వేశారు. నేనూ వేశాను. "మా అవ్వ పుణ్యాత్మురాలు" అంటూ ఆయన మళ్ళీ కునికాడు. నేను కదిలించలేదు.

సాయంత్రం రజితకు ఫోన్ చేశాను. చాలాసేపు మోగాక ఎత్తింది.

"పండుకున్ననే. పొద్దుగాల్లనుంచి పండుకొనే ఉన్నం ఇద్దరం. ఉయ్యాలల ఎందుకని పిల్లను కింద నా పక్కల్నే ఏసుకున్న. మస్తు నిద్రవడుతున్నది. తల మాత్రం జర బరువున్నది."

"ఇన్ని రోజుల నిద్ర బాకీ గదనే. ఏడో లెవల్ గాలి సోకినట్టున్నది నీకు" అని ఆటపట్టించాను.

అది నవ్వింది. నవ్వు కూడా నెమ్మదిగా వచ్చింది. నేను పట్టించుకోలేదు.

నమోదు 216

ఇప్పుడే రాయాలి, మళ్ళీ కూర్చోవడానికి తీరిక దొరకదు.

బాలింతకు పెట్టే కారప్పొడి, వేడన్నం పట్టుకుని మిట్టమధ్యాహ్నం రజిత గదికి వెళ్ళాను. తలుపు తీసే ఉంది. ఇద్దరూ నేలమీద చాపలో పడుకుని ఉన్నారు. ముచ్చటేసి గుమ్మంలో కాసేపు నిలబడ్డాను కూడా. ఎంత గాఢనిద్ర అనుకున్నాను! అనుకుని మురిసిపోయాను!

పిలిచాను. పలకలేదు. అన్నం పక్కన పెట్టడానికి కింద కూర్చుని, పిల్ల ముఖం మీది గుడ్డ జరపడానికి వంగాను. కళ్ళు తిరిగాయి. ఆకలికేమో అనుకుని లేచి నిలబడితే తగ్గింది. మళ్ళీ వంగాను, మళ్ళీ గది గిర్రున తిరిగింది. వంగితేనే తిరుగుతోంది! పిల్ల పెదవులు నేరేడుపండు తిన్నట్టున్నాయి.

పిల్లను లాక్కుని తలపైకి ఎత్తాను. మెడ వాలిపోయింది. ఊపిరి ఉందో లేదో తెలియలేదు. కాలితో రజితను తన్నాను. అవును, తన్నాను, పచ్చి బాలింతను, నా తోడబుట్టినదాన్ని. "లేవే! లేసి నిలవడు! నిలవడవే!" అని అరిచాను. అది కళ్ళు తెరిచి "గంట మోగలే గదక్కా" అంది.

అది గోడ పట్టుకుని లేచింది. ఇద్దరినీ మెట్ల దాకా ఈడ్చుకుపోయాను. గాలి తగిలాక పిల్ల కక్కింది, తరవాత మూలిగింది, తరవాత ఏడ్చింది. ఆ ఏడుపు వినగానే మెట్లమీద కూలబడి నేనూ ఏడ్చాను.

పక్కింటివాళ్ళకు వాళ్ళిద్దరినీ అప్పగించి, పడుకోవద్దు, నిలబడే ఉండండని లెవల్ అంతా వినబడేలా కేకేసి, గాలిమిషను దగ్గరికి పరిగెత్తాను. ఈసారి నంబరు అడగలేదు, సగటు అడగలేదు. ఒక్కొక్క పలకా విడివిడిగా ఏం చెబుతోందో చూశాను. పైకప్పు దగ్గరి పలకలన్నీ గాలి బాగుందన్నాయి. ఫ్యాన్‌గాలి వచ్చే గొట్టం దగ్గరిది బ్రహ్మాండంగా ఉందంది. నేలను ఆనుకుని బిగించిన రెండు పలకలు మాత్రం ప్రాణం పోతోందని మొత్తుకుంటున్నాయి. అన్నీ కలిపి సగటు తీస్తే గాలి బాగుంది!

అబద్ధం చెప్పింది ఉలిపికట్టె కాదు. దారి తప్పి పాత లైబ్రరీ పట్టుకుని కూర్చున్న ఆ ఓడ మిషను ఒక్కటే ఇన్నాళ్ళూ నిజం చెప్పింది. దాని నోరు నేనే నొక్కాను. గంట మోగినన్నాళ్ళూ మా చెల్లె పిల్లను భుజాన వేసుకుని గదంతా తిరిగింది. నడుం విరిగిందని నన్ను తిట్టింది. గంట ఆగాక పక్కలో వేసుకుని నేలమీద పడుకుంది.

దారి మళ్ళీ లిబ్‌కు తిప్పాను. గంట మోగింది. దాని కింద నిలబడి ఆలోచిస్తుంటే అసలు సంగతి అప్పుడు తట్టింది. చెడుగాలి కిందికి దిగుతుంది. ఆరు ఇలా ఉంటే, ఏడు?

నమోదు 217

పాత లైబ్రరీ నల్లగడప మొత్తంలో ఆ ఒక్క మిషన్‌లోనే మిగిలి ఉంది. చెరిపేస్తే పీడ పోతుందన్న నా నోట్లో మన్ను పడ!

కానీ దాన్ని ఉన్నదున్నట్టు మిగతా మిషన్లకు పంపలేం. ఓడ మిషను జాతి వేరు, దాని లైబ్రరీ మామూలు మిషన్‌కు అరగదు. ఓదెలన్న మత్తు వదలడానికి తలమీద కుండెడు నీళ్ళు పోసుకుని వచ్చి, అందులోని లెక్కను చూస్తూ మామూలు మిషన్లకు తగ్గట్టు మళ్ళీ తయారుచేశాడు. నేను మూట కట్టాను. ఈసారి ఏ మిషను ఏ అరలో వెతుకుతుందో ఒక్కొక్కదాన్నీ అడిగి, ఆ అరలోనే విప్పాను. విప్పాక ఇప్పుడు వాడుతున్నది ఏమిటని కూడా అడిగాను. ఈ ప్రశ్న ఇన్నేళ్ళలో ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు మేము.

ఏడో లెవల్ గంట మూట విప్పుకోగానే మోగింది. వెంటనే ఐదు, దాని వెనకే నాలుగు. గని అంతా గంటలే. మూటల గది గోడలు అదిరాయి. పైమూడు లెవల్స్ మాత్రం ఊరుకున్నాయి.

కొమురయ్య మామ ఎగశ్వాసతో వచ్చి పడ్డాడు. "ఏం జేసినవే పిల్లా! జనం మెట్లమీద ఒకరినొకరు తొక్కుకుంటున్రు! పైన ఎండకు మాడి సస్తరు. ముందు గంటలు బందు జెయ్యి, తర్వాత సూస్తం!"

"బందు జెయ్య మామా."

"కమిటీ మాటనే గిది!"

"కమిటీ వచ్చి ఏడో లెవల్ల చాపేసుకొని పండుకోమను. పొద్దుమూకేదాక పండుకొని లేస్తే, అప్పుడు నా చేతులతో నేనే బందు జేస్త."

ఆయన నా ముఖంలోకి చూశాడు. నేను పలకల లెక్కలు ఆయన ముందుకు తోశాను. ఏడో లెవల్ నేలపలకలవి చూశాడు. తువ్వాలు తలకు చుట్టుకుని, అడుగు లెవల్స్ నుంచి మనుషుల్ని పైకి పంపడానికి తనే దిగిపోయాడు. ఫ్యాన్‌కు కొత్త రెక్కలు బిగించేదాకా మూడో లెవల్ కింద ఎవరూ ఉండకూడదని ఆ తరవాత చాటింపు వేయించాడు.

నమోదు 218

పైన ఉన్నాం. బొగ్గు మోసిన పాత బెల్టుషెడ్డు నీడలో, తడిగోనెలు కప్పుకుని. ఎండ కాల్చేస్తోంది. కానీ అందరూ ఊపిరి పీలుస్తున్నారు. రజిత గోనె కింద కూర్చుని పిల్లకు పాలిస్తోంది. పిల్ల పెదవులు ఎర్రబడ్డాయి. నాతో ఇంకా మాట్లాడలేదు. నేనూ దగ్గరికి పోలేదు, నాకు ముఖం చెల్లలేదు.

ఇక్కడ ఇంకో వింత చూశాను. చూసిన అందరం కొయ్యబారిపోయాం. పైకి వచ్చిన కాసేపటికి ఏడో లెవల్ వాళ్ళు మారిపోయారు. నీళ్ళ వరసలో గొంతు పెంచి కొట్లాడుతున్నారు. ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు హాస్యాలాడి పకపకా నవ్వుతున్నారు. పిల్లలు ఆ మండే నేలమీద చెప్పులతో పరుగుపందేలు పెట్టుకున్నారు. ఏడో లెవల్ పిల్లలు పరిగెత్తడం నా జన్మలో చూడలేదు! కొమురయ్య మామ వాళ్ళను చూస్తూ తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. గంట కొట్టేంత కాకున్నా చెడుగాలి అక్కడ ఏళ్ళ తరబడి ఉన్నట్టుంది. బద్ధకస్తులని మేము నవ్వినవాళ్ళు వీళ్ళు. ఏడో లెవల్ గడియారమని వెక్కిరించిన నోరు నాది.

ఓదెలన్న వచ్చి నా పక్కన కూర్చున్నాడు. కళ్ళు వింతగా మెరుస్తున్నాయి. మాట కూడా గబగబా వస్తోంది. ఇన్నేళ్ళు ఒకే గదిలో పనిచేసి ఈ మనిషిని నేను ఇప్పుడే చూస్తున్నాను.

"స్వరూపా, సగటు తియ్యాలె అన్నదెవరు?"

"కమిటీ అడిగింది గదన్నా."

"కమిటీ గంటలు తగ్గియ్యుమన్నది. సగటు తీద్దామన్నది నేను. ఎందుకన్ననో నీకెరుకలేదు. గంటతోని మా అవ్వకు కంటిమీద కునుకు లేకుండె. నన్ను తిట్టేది, నీ మిషన్లు పాడుగాను అని. ఆమెకు నడుంనొప్పి, మంచం పడదు. కింద చాపేసుకునేది. నేను మంచం మీద."

చూపు నేలమీదే పెట్టి ఆయనే మళ్ళీ అన్నాడు.

"తొమ్మిదో మూట పంపిన దినం నుంచి మంచిగ పండుకున్నది. పొద్దెక్కేదాక లేవకపోయేది. నేను మంచం మీదికెల్లి సూసి సంబురపడి, సప్పుడు గాకుండ పనికచ్చేటోన్ని. నువ్ నీ చెల్లె కోసం గంట బందు జేసినవ్, నేను మా అవ్వ కోసం బందు జేసిన. గానీ నువ్ మల్ల పోయి సూసినవ్. అన్నం పట్టుకొని పోయి, వంగి సూసినవ్. నేను రోజు పక్కనే ఉండి ఒక్కసారి వంగలే."

మూట ఇద్దరం కలిసి కట్టాం, పాపం ఇద్దరిదీ అని చెప్పాలనుకున్నాను. ఆయన ఏడవడం లేదు. ఏడిస్తే బాగుండునని నాకనిపించింది.

అంతలో రజిత వచ్చింది. మా మాటలేవీ దానికి వినబడలేదు. నా వైపు చూడకుండానే "ఓదెలన్నా, నా చేతులు గుంజుతున్నయ్, జరసేపు పట్టుకోవా" అని పిల్లను ఆయన ఒళ్ళో పెట్టబోయింది. ఓదెలన్న చప్పున లేచి నిలబడ్డాడు. పిల్లను అందుకుని భుజం మీదికి ఎత్తుకున్నాడు. ఇక్కడ గాలికి భయం లేదు, కూర్చో అన్నా అని రజిత చెప్పింది, నేనూ చెప్పాను. వినలేదు. నీడ జరిగిపోయి ఎండ ఆయన మీద పడింది. పిల్ల తలమీద గోనె కప్పి, ఆయన అలాగే నిలబడ్డాడు.